కప్పెట్టకముందే చూడాలి: బెంగళూరులో సొంతిల్లు కట్టేవారికి తనిఖీలు, ఆలస్యాల మార్గదర్శి

ఇంటి తనిఖీ అనగానే కార్పొరేషన్ ఇంజనీరే గుర్తొస్తాడు. ఆయన చూసేది మనం ప్లాను గీత దాటామా లేదా అని. బ్యాంకు పంపే ఇంజనీరు చూసేది ఇచ్చిన డబ్బుకు తగ్గ పని కనబడుతోందా అని. కమ్మీలను ఎత్తి పట్టే కవర్ బిళ్లలు పెట్టారా, గోడలో పైపు జాయింటు చెమ్మగిల్లుతోందా అన్నది ఇద్దరిలో ఎవరూ చూడరు. వాళ్ల పని అది కాదు. ఇక మిగిలింది మనం, మన జేబులోంచి జీతమిచ్చి పెట్టుకున్న ఇంజనీరు.

హొరమావు వైపు 30×40 సైటులో పైన ఒక అంతస్తుతో ఇల్లు కట్టాం. పదకొండు నెలలన్నారు, పదహారు పట్టింది. ఆ ఐదు నెలల్లో వానకు పోయింది నెల కూడా లేదు. మూడు నెలలు నా చేతులారా పోగొట్టుకున్నవే. అవెలా పోయాయో కూడా చెబుతాను.

అడుగు 1: అగ్రిమెంటులోనే తనిఖీలు రాసుకోండి

చదరపు అడుగుకు ఇంత అని కాంట్రాక్టు మాట్లాడుకునేటప్పుడు అందరూ సిమెంటు ఏ కంపెనీ, టైలు చదరపు అడుగు ఎంతలో అన్నవి రాయించుకుంటారు. దానికంటే ముఖ్యమైన వాక్యం ఒకటుంది: "కాంక్రీటు, మట్టి, ప్లాస్టరు, టైలుతో కప్పే ఏ పనైనా కప్పడానికి 48 గంటల ముందు యజమానికి చెప్పాలి. యజమాని తరఫు ఇంజనీరు చూసి సరే అన్నాకే కప్పాలి." ఈ ఒక్క వాక్యం నా అగ్రిమెంటులో లేదు. ఫలితం తర్వాత చూస్తారు.

ఆ ఇంజనీరు కాంట్రాక్టరు మనిషి కాకూడదు. తన పనికి తనే మార్కులు వేసుకునేవాడు తక్కువ వేసుకోడు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఇచ్చిన ఇంజనీరుతోనే ఏడెనిమిది విజిట్లకు విడిగా ఫీజు మాట్లాడుకోండి. ఇంటి ఖర్చులో అది లెక్కలోకి రాదు.

డబ్బు విడతలు కూడా పనికి ముడిపెట్టండి, తేదీలకు కాదు. బేస్‌మట్టం అయ్యాక ఇంత, స్లాబ్ అయ్యాక ఇంత, ప్లాస్టరింగ్ అయ్యాక ఇంత అని. ప్రతి విడతా కాస్త పని ముందు, డబ్బు వెనక ఉండేలా చూసుకోండి. చివరి ఐదు శాతం ఇంట్లోకి చేరాక కూడా మీ దగ్గరే ఉండాలి. దాని కథ చివర్లో.

అడుగు 2: మార్కింగ్ రోజు టేపు మీ చేతిలో

30×40 సైటుకు ఒక సుఖముంది. మూలలు సరిగ్గా ఉంటే మూల నుంచి మూలకు కొలత కచ్చితంగా 50 అడుగులు రావాలి. రెండు వైపులా పట్టి చూడండి. ఒకటి 50, ఇంకోటి 49 అడుగుల చిల్లర వచ్చిందంటే సైటు వంకరగా ఉంది, లేదా పక్కవాళ్ల గోడ మీ వైపు జరిగింది. ఆ గొడవ సున్నం గీతల మీద తేల్చుకుంటే ఒక పూట పని, కాలమ్స్ లేచాక తేల్చుకుంటే కోర్టు పని.

మట్టిని కూడా అప్పుడే అడగండి. బెంగళూరులో ఒక వీధిలో ఎర్రమట్టి, రాయి తగిలితే, పక్క లేఅవుట్ ఒకప్పటి చెరువు అంచు కావచ్చు. అక్కడ నాలుగడుగులు తవ్వినా మెత్తటి బంకమట్టే. పక్కింటి పునాది ఎంత లోతో కనుక్కున్నా, దాన్నే మీ లెక్కగా తీసుకోకండి. భూమి పరీక్ష చేయించి, ఆ రిపోర్టు స్ట్రక్చరల్ ఇంజనీరు చేతిలో పెట్టాకే పునాది డ్రాయింగ్ అడగండి.

అడుగు 3: పునాది, బేస్‌మట్టం

ఫుటింగ్ (కాలమ్ కింది వెడల్పాటి దిమ్మ) గుంతలో నీళ్లుంటే తోడించాకే కాంక్రీటు. కింద పిసిసి (కమ్మీల్లేని కాంక్రీటు) పరుపు పడాలి, దాని మీద స్టీలు జాలీ. జాలీ నేరుగా దాని మీద పడుకోకూడదు, బిళ్లల మీద నిలబడాలి. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఫుటింగ్‌లో కమ్మీ చుట్టూ 50 మిల్లీమీటర్లు, కాలమ్‌లో 40 మిల్లీమీటర్లు కాంక్రీటు ఉండాలి. స్లాబులో కనీసం 20. బిళ్లలకు బదులు కంకర రాళ్లు దోపడం చాలా సైట్లలో మామూలు. వద్దనండి. రాయి జారుతుంది, కమ్మీ నేలకు తగులుతుంది, తడి ఎక్కి తుప్పు పడుతుంది.

కాలమ్ రింగుల కొక్కేలు లోపలికి 135 డిగ్రీలు వంగాయో లేదో చూడండి. 90 డిగ్రీలకే వదిలేస్తే పని తొందరగా అవుతుంది కాబట్టి వదిలేస్తారు. భూకంపం వచ్చినప్పుడు ముందు విచ్చుకునేవి అవే.

బేస్‌మట్టం మట్టి నింపి, నీళ్లు పోసి దిమ్మిస కొట్టాక, ఫ్లోరు కాంక్రీటు వేసేముందే చెదల మందు కొట్టించాలి. తర్వాత గుర్తొస్తే ఫ్లోరు తొలచాల్సిందే.

అడుగు 4: స్లాబ్ రోజు

అన్ని తనిఖీల్లోకీ పెద్దది ఇదే. ఆ రోజు సెలవు పెట్టండి. పొద్దున ఆరింటికి లిఫ్ట్ మిషను, ఇరవై మంది కూలీలు వచ్చాక "ఆపండి" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే అసలు తనిఖీ ముందు రోజు మధ్యాహ్నం పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

మా బాల్కనీ మూడడుగులు బయటికి వస్తుంది. బయటికి వేలాడే స్లాబులో అసలు బరువు మోసే కమ్మీలు పైన ఉంటాయి, కింద కాదు. మేము మెట్లెక్కి చూసేసరికి బొచ్చెలు మోసే దారి సరిగ్గా ఆ కమ్మీల మీదుగా వేశారు. తొక్కీ తొక్కీ అవి కిందికి దిగిపోయి అడుగు పలకకు దగ్గరయ్యాయి. వాటిని ఎత్తి పట్టుకోవాల్సిన ఇనుప కుర్చీలు బాల్కనీ మొత్తానికి రెండే ఉన్నాయి. మేస్త్రీది పాలమూరు. "ఏం కాదు సార్, పోసేటప్పుడు పైకి గుంజుతం" అన్నాడు. మా ఇంజనీరు ఏమీ మాట్లాడకుండా టేపు తీసి, కమ్మీ పైన ఎంత ఖాళీ ఉందో కొలిచి చూపించాడు. మూడున్నర అంగుళాలు. స్లాబు మందమే ఐదు. అలాగే పోసుంటే ఆ బాల్కనీ కమ్మీలు లేని బాల్కనీతో సమానం.

గంటన్నర ఆగింది పని. తుక్కు కమ్మీలు వంచి పద్నాలుగు కుర్చీలు చేశారు, నడవడానికి పలకలు వేశారు. మిషను బాడుగ, కూలీల గొణుగుడు అన్నీ భరించాం. ఆ ఏడాదిన్నర టెన్షన్‌లో నేను చేసిన మంచి ఖర్చు అదొక్కటే అనిపిస్తుంది.

ముందు రోజు చూడాల్సినవి ఇవి: బిళ్లలు, కుర్చీలు, రింగుల మధ్య దూరం డ్రాయింగ్‌లో ఉన్నంతే ఉందా, కరెంటు పైపులు, ఫ్యాను డబ్బాలు, బాత్రూం పైపులకు వదలాల్సిన రంధ్రాలు. స్లాబును మోసే సెంట్రింగ్ కర్రల కింద మట్టి మెత్తగా ఉంటే చెక్క దిమ్మ ఉండాలి. నీలగిరి కర్ర ఒకటి అరంగుళం దిగబడితే స్లాబు అడుగున పొట్ట వస్తుంది, అది ప్లాస్టరుతో పోదు.

పోసేటప్పుడు చూడాల్సింది నీళ్లు. కాంక్రీటు జారుడుగా ఉంటే పని సులువు కాబట్టి బకెట్లు వంచేస్తుంటారు. ఎం20 కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు మూటకు 27 నుంచి 30 లీటర్లు చాలు, అందులో ఇసుక తడి కూడా కలిసే లెక్క. ప్లాంటులో కలిపి తెచ్చే రెడీమిక్స్ అయితే లారీ డ్రైవరు ఇచ్చే చీటీ మీద ప్లాంటులో నింపిన టైము ఉంటుంది. రెండు గంటల్లోపు దింపేయాలన్నది నియమం. ఔటర్ రింగ్ రోడ్డులో లారీ ఇరుక్కుంటే అది గట్టిపడటం మొదలవుతుంది, అప్పుడు డ్రైవరు చేసే మొదటి పని నీళ్లు కలపడం. చీటీ చూడండి, టైము దాటితే వెనక్కి పంపండి. ఆదివారం పొద్దున్నే స్లాబు పెట్టుకోవడం ఈ ఊళ్లో తెలివైన పని.

ఆ రోజే, పోసే కాంక్రీటుతోనే పరీక్షకు క్యూబులు తీయించండి. 150 మిల్లీమీటర్ల అచ్చుల్లో ఆరు ముద్దలు. మూడు ఏడో రోజు, మూడు ఇరవై ఎనిమిదో రోజు ల్యాబులో నలగ్గొడతారు. ఎం20 అంటేనే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలని. ఏడో రోజుకు మూడింట రెండు వంతులు వచ్చిందంటే ఊపిరి పీల్చుకోవచ్చు.

అడుగు 5: తొందరపెట్టకూడని ఆలస్యం

ఆలస్యాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఇంటికి మనం బాకీ ఉన్న రోజులు, రెండోది వృథాగా పోయే రోజులు. రెండో రకంలో పోగొట్టుకున్నది మొదటి రకంలో లాక్కుందామని చూస్తాం. అక్కడే ఇళ్లు చెడతాయి.

నీళ్లు పట్టడం, అంటే క్యూరింగ్, మామూలు సిమెంటుకు (ఓపీసీ) కనీసం ఏడు రోజులు, ఇప్పుడు ఎక్కువగా దొరికే, బూడిద కలిపిన పిపిసి రకానికి కనీసం పది. మడులు కట్టి నీళ్లు నిలబెట్టండి, పైపుతో చిలకరించి వెళ్లిపోతే లెక్క కాదు. సెంట్రింగ్ విప్పడం కూడా అంతే: స్లాబు వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపుంటే కర్రలు ఏడు రోజులు, అంతకు మించితే 14. బీములకు ఆరు మీటర్ల లోపు 14, దాటితే 21. ఇవి మామూలు ఓపీసీ సిమెంటుకు చెప్పిన రోజులు, పిపిసి అయితే ఇంజనీరును అడిగి ఇంకొన్నాళ్లు ఉంచండి. కాంట్రాక్టరుకు సెంట్రింగ్ సామాను ఇంకో సైటుకు కావాలి, తొందర ఆయనది. ఇల్లు మీది.

ఈ నీళ్లు ఎక్కడివన్నది ముందే చూసుకోండి. 2024 మార్చిలో నీటి కరువొచ్చినప్పుడు జలమండలి తాగునీటిని కట్టుబడికి వాడకూడదని నిషేధించి, 5000 రూపాయల జరిమానా పెట్టింది. అప్పుడు స్లాబు వేసినవాళ్లు ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు నేను చూశాను. మార్చి, ఏప్రిల్‌లో పెద్ద స్లాబు పడేలా ఉంటే నీళ్ల దారి చూసుకునే తేదీ పెట్టుకోండి.

అడుగు 6: గోడల్లోకి పోయేవి

పైపులు బిగించాక, ప్లాస్టరు పూసేముందు ప్రెజర్ పంపు పెట్టించి, ముల్లు దిగకుండా నిలబడుతోందో చూడండి. రాత్రంతా వదిలి పొద్దున చూస్తే ఇంకా మంచిది. బాత్రూంలో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నాలుగంగుళాల నీళ్లు నింపి, గోడ మీద పెన్సిలు గీత పెట్టి, రెండు రోజులు తాళం వేయండి. గీత కంటే నీళ్లు దిగాయా, కింది గదిలో సీలింగ్ తడిసిందా చూడండి. ఆ తర్వాతే టైలు.

ఇటుక గోడ, కాంక్రీటు కాలమ్ కలిసే చోట కోళ్ల జాలీ కొట్టి ప్లాస్టరు పూయించండి. లేకపోతే ఏడాదిలో అక్కడ నిలువు గీత పడుతుంది.

ప్లాస్టరుకు ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటో తీసుకోండి. రెండేళ్ల తర్వాత గీజరు బిగించే కుర్రాడు డ్రిల్లు చేతబట్టుకుని "ఇక్కడ పైపుందా సార్?" అని అడిగినప్పుడు నేను ఫోను చూపించాను. మా తమ్ముడింట్లో అడగలేదు, గోడలోంచి ఫౌంటెన్.

అడుగు 7: వృథా రోజులను పట్టుకోవడం

నా మూడు నెలల సంగతి. టైలు ఎంచుకోవడానికి మూడు వారాలు, కిటికీల డిజైను మార్చి కొత్తవి చేయించడానికి ఐదు వారాలు, వంటింటి ప్లాట్‌ఫారం కొలత మార్చడం, స్విచ్ బోర్డులు జరిపించడం. ప్రతిసారీ పనివాళ్లు వేరే సైటుకు వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లు తిరిగి రావడానికి పది రోజులు. అంటే మనం ఒక్కరోజు ఆలోచిస్తే సైటులో పది రోజులు పోతాయి. స్లాబ్ పడేలోపే టైలు, గుమ్మాలు, కిటికీలు, స్విచ్‌ల జాగా, బాత్రూం సామాను కాగితం మీద తేల్చేయండి.

మనుషుల క్యాలెండరు కూడా దగ్గర పెట్టుకోండి. రాయచూరు, యాదగిరి, పాలమూరు, అనంతపురం నుంచి వచ్చినవాళ్లు ఉగాదికి, ఊరి జాతరకు వెళ్తారు. బిహార్ టైల్స్ కుర్రాళ్లు దీపావళికి వెళ్తే ఛఠ్ అయ్యాకే వస్తారు. ఎన్నికలొస్తే అందరూ వెళ్తారు. దీన్ని తిట్టుకుని లాభం లేదు, ఆ రోజుల్లో క్యూరింగ్ పడేలా చూసుకుంటే సరి.

వాన సంగతి: బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రపు కుంభవృష్టులు. పునాది గుంతలు ఆ నెలల్లో తెరిచి పెట్టుకోకండి. 2024 అక్టోబరు 22న వానల మధ్య బాబుసాపాళ్యలో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలిపోయి కూలీలు చనిపోయారు. మా సైటుకు అది ఎంతో దూరం కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక నెల ఆలస్యం ఎంతో లెక్క వేసుకోండి. ఇప్పటికి 40 లక్షలు అప్పు తీసుకున్నారు, వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుంటే నెలకు 28 వేలకు పైన వడ్డీ. ఉంటున్న ఇంటి అద్దె 22 వేలు. నెలకు యాభై వేలు. ఈ అంకెను అగ్రిమెంటులో ఆలస్యానికి పరిహారంగా ఎంతో కొంత రాయించుకోండి. మీ మార్పుల వల్ల, వాన వల్ల పోయే రోజులు అందులోంచి తీసేయాలని కూడా రాయండి. ఏకపక్షంగా రాసిన కాగితం మీద ఎవరూ నిలబడరు.

ఫోన్లో మాట్లాడింది ఆ సాయంత్రమే వాట్సాప్‌లో రెండు లైన్లు పెట్టండి: "ఈరోజు అనుకున్నాం, మెట్ల గ్రానైటు శుక్రవారానికి." కోపంగా కాదు, మామూలుగా. కాంట్రాక్టరు నిజంగానే పని వదిలేసి పోతే ఆ రెండు లైన్లే ఆధారం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఇంటి నిర్మాణం కూడా సేవే. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు. బిల్డర్ల ప్రాజెక్టులను చూసే రెరా మాత్రం మన సొంత సైటులో మనం కట్టుకునే ఒక్క ఇంటికి వర్తించదు. చాలామంది అక్కడికే వెళ్లి టైము పోగొట్టుకుంటారు.

అడుగు 8: ఆఫీసుల తనిఖీ

ముందుగా ఏ ఆఫీసో తెలుసుకోండి. 2025 సెప్టెంబరు నుంచి పాత నగరపాలిక బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. పాత రసీదులు, కొత్త ఆఫీసు రెండూ ఒకే ఫైలులో పెట్టుకోండి.

సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు ఈ పనులన్నిటినీ మార్చేసింది. మంజూరైన ప్లాను సైటులో కనబడేలా పెట్టాలి, అధికారులు మధ్యమధ్యలో వచ్చి చూసి రికార్డు రాయాలి, పూర్తయినట్టు లేదా నివాసానికి సర్టిఫికెట్ (ఓసీ) ఉంటేనే కరెంటు, నీళ్లు. దాంతో ఓసీ లేక మీటర్లు ఆగిపోయినవాళ్లు వేలల్లో. తర్వాత 2025లో రాష్ట్ర ప్రభుత్వం 1200 చదరపు అడుగుల వరకు సైట్లలోని చిన్న ఇళ్లకు ఓసీ మినహాయింపు ఇచ్చింది. అది ఓసీకే, ప్లాను లేకుండా కట్టుకోమని కాదు. మంజూరైన ప్లాను లామినేట్ చేయించి గేటు దగ్గర కట్టండి. ఇంజనీరు వస్తే వెతుక్కోవాల్సిన పని ఉండదు, అడిగే ప్రశ్నలూ సగం తగ్గుతాయి.

ఎక్కువ ఇళ్లు దొరికిపోయేది సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో. "అందరూ అలాగే కడుతున్నారు" అని కాంట్రాక్టరు చెప్పే అడుగున్నర, ఓసీ దగ్గర ఏడాది అవుతుంది. 30×40, అంతకంటే పెద్ద సైట్లలో కొత్త ఇంటికి వాననీటి గుంత తప్పనిసరి, 2009 నుంచి. అది లేకుండా కావేరి నీళ్ల కనెక్షన్‌కు పరిగెడితే వెనక్కి పంపుతారు. కట్టుబడి తాత్కాలిక మీటరును పర్మనెంటుకు మార్చే దరఖాస్తు కూడా మరవకండి, దాని రేటు ఎక్కువ.

ఫైలు కదలకపోతే సకాల గుర్తుంచుకోండి. గడువులోపు సేవ అందించాలనే కర్ణాటక 2011 చట్టం. దాని కిందికి వచ్చే సేవలకు దరఖాస్తు చేస్తే 15 అంకెల నంబరు ఇస్తారు, గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 వరకు పరిహారం అడగొచ్చు. ఆ 500 కోసం కాదు, నంబరు ఉన్న ఫైలు ఆలస్యమైతే ఆ టేబుల్ మీది మనిషి పేరు రికార్డవుతుంది. దానికీ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చేయి చాపితే లోకాయుక్త ఉంది.

బ్యాంకుది చిన్న సంగతి. వాళ్ల ఇంజనీరు రావడానికి వారం, డబ్బు పడటానికి ఇంకో వారం. స్లాబు అయ్యాక కాదు, సెంట్రింగ్ మొదలైన రోజే ఫోను చేయండి.

అడుగు 9: ముహూర్తం, చివరి ఐదు శాతం

మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఆషాఢం వస్తోంది, తర్వాత మూఢం అని పంతులుగారు చెప్పగానే గృహప్రవేశం పత్రికలు వేయించేస్తాం. కాంట్రాక్టరుకు ఆ తేదీ తెలిసిన క్షణం నుంచి బాత్రూం పరీక్షలు ఉండవు, రెండో కోటు పెయింటు ఉండదు. ఫ్లోరింగ్ అయి, నీళ్ల పరీక్ష గట్టెక్కాక ముహూర్తం అడగండి. అమ్మ ఒప్పుకోకపోతే ఆ రోజు పాలు పొంగించి, మళ్లీ తాళం వేసి పని చేయించుకోండి. మేము అదే చేశాం. ఆ రాత్రి ఒక్కటి పడుకుని, పొద్దున్నే అద్దింటికి వెళ్లిపోయాం.

చేరాక వచ్చిన మొదటి అక్టోబరులో పై గది మూలన తడి కనబడింది, పిట్టగోడ స్లాబుతో కలిసే చోట. మేస్త్రీకి ఫోను చేస్తే రెండో రింగుకే ఎత్తాడు. చివరి ఐదు శాతం ఇంకా నా దగ్గరే ఉంది. మర్నాడు పదింటికి మనుషులొచ్చారు, మూల తొలచి, మందు కలిపి గుండ్రంగా గోళా కట్టారు. నీళ్లు నింపి రెండు రోజులుంచాం. మూడో రోజు డబ్బిచ్చేశాను.